హెల్త్ ఇన్సూరెన్స్ ద్వారా జిమ్ ఫీజు తగ్గించుకోవడం ఎలా? (అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం)

జనవరి రాగానే ఒకసారి, ఎవరింట్లోనైనా అమ్మానాన్నలకు మెడికేర్ (65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మొదలవగానే ఇంకోసారి నాకు ఇదే ప్రశ్న వస్తుంది. "ఇన్సూరెన్స్ వాళ్లు జిమ్ డబ్బులు ఇస్తారట కదా, ఎలా తీసుకోవాలి?" ఇస్తారు. కాకపోతే అన్ని ప్లాన్లూ ఇవ్వవు, ఇచ్చేవి కూడా తలో రకంగా ఇస్తాయి, పైగా వాళ్లంతట వాళ్లు పిలిచి చెప్పరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇన్సూరెన్స్ కంపెనీ పెడుతుందా!

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. జిమ్‌లో సంతకం పెట్టేసి, ఆ తర్వాత డిస్కౌంట్ కోసం వెతకొద్దు. నేను చేసింది అదే. కొత్త సంవత్సరం ఊపులో పన్నెండు నెలల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాను. రెండు నెలలు పోయాక చూస్తే, అదే జిమ్ మా ఆఫీసు ప్లాన్ ఇచ్చే పాస్ లిస్టులో ఉంది, సగం కంటే తక్కువ ధరకి. పాస్ తీసుకోవాలంటే పాత మెంబర్‌షిప్ ఉండకూడదు, పాతది రద్దు చేయాలంటే కాంట్రాక్ట్ ఒప్పుకోదు. మిగిలిన పది నెలలూ పూర్తి ధర కట్టి మరీ ట్రెడ్‌మిల్ ఎక్కాను.

ముందు ఏ రకమో తెలుసుకోండి

"జిమ్ బెనిఫిట్" అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు గానీ, అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి, ఉచిత మెంబర్‌షిప్. ఇది ఎక్కువగా 65 దాటినవాళ్ల మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్) ప్లాన్లలో ఉంటుంది. సిల్వర్‌స్నీకర్స్, సిల్వర్ అండ్ ఫిట్, రెన్యూ యాక్టివ్, వన్ పాస్ లాంటి పేర్లు వింటుంటారే, అవి ఇవే.

రెండు, డిస్కౌంట్ పాస్. నెలనెలా మీ జేబులోంచే కడతారు, కాకపోతే తక్కువ కడతారు. యాక్టివ్ అండ్ ఫిట్ డైరెక్ట్, వన్ పాస్ సెలెక్ట్, బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ సభ్యులకుండే బ్లూ365 ఈ కోవలోవి. ఆఫీసు ప్లాన్లు ఉన్నవాళ్లకి ఎక్కువగా దొరికేది ఇదే.

మూడు, రీయింబర్స్‌మెంట్. మీకు నచ్చిన జిమ్‌కి పూర్తి డబ్బు కట్టి, రసీదులు పంపితే కొంత తిరిగి ఇస్తారు. న్యూయార్క్, మసాచుసెట్స్ ప్లాన్లలో ఇది బాగా కనిపిస్తుంది.

మీది ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే. కొన్ని ప్లాన్లలో రెండో రకం, మూడో రకం రెండూ ఉంటాయి. ఒక్క చోట దొరికిందని వెతకడం ఆపొద్దు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఇన్సూరెన్స్ కార్డు, ముందూ వెనకా. మెంబర్ నంబరు, గ్రూప్ నంబరు, వెనక ఉండే ఫోన్ నంబరు కావాలి.
- ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ లాగిన్. ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరికీ విడిగా.
- మీరు నిజంగా వెళ్లగల రెండు మూడు జిమ్‌ల పేర్లు, పూర్తి అడ్రస్‌లతో.
- ఇప్పటికే మెంబర్‌షిప్ ఉంటే ఆ కాంట్రాక్ట్ కాగితం.
- ఒక నోటుబుక్కు. ఎవరితో ఏ రోజు మాట్లాడారో, కాల్ రెఫరెన్స్ నంబరు ఎంతో రాసుకోవడానికి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, తర్వాత బాధపడతారు.

ఇక పని మొదలుపెట్టండి

1. పోర్టల్‌లో సరైన చోట వెతకండి.

చాలామంది బెనిఫిట్స్ సారాంశం పీడీఎఫ్ తెరిచి, అందులో జిమ్ అన్న మాట లేదని మూసేస్తారు. డిస్కౌంట్ పాస్ సాధారణంగా అక్కడ ఉండదు. అది ఇన్సూరెన్స్ కవరేజీ కిందికి రాదు, కంపెనీ అదనంగా ఇచ్చే సదుపాయం మాత్రమే. అందుకే లాగిన్ అయ్యాక "వెల్‌నెస్", "డిస్కౌంట్స్", "రివార్డ్స్", "హెల్త్ అండ్ ఫిట్‌నెస్" అన్న ట్యాబ్‌లు ఒక్కొక్కటే తెరిచి చూడండి. రీయింబర్స్‌మెంట్ అయితే "ఫారమ్స్" పేజీలో ఫిట్‌నెస్ అన్న మాటతో వెతకండి. ఫారం దొరికిందంటే బెనిఫిట్ ఉండే అవకాశం ఎక్కువ. అయినా మీ ప్లాన్‌కి వర్తిస్తుందా లేదా అన్నది ఫోన్ చేసే తేల్చుకోవాలి.

ఆఫీసు ప్లాన్ అయితే కంపెనీ హెచ్‌ఆర్ పోర్టల్ కూడా చూడండి. కొన్ని కంపెనీలు ఇన్సూరెన్స్‌తో సంబంధం లేకుండా సొంతంగా వెల్‌నెస్ డబ్బులు ఇస్తాయి.

2. కార్డు వెనక నంబరుకి ఫోన్ చేయండి.

"జిమ్ డిస్కౌంట్ ఉందా?" అని ఊరికే అడిగితే, "లేదండీ" అని పెట్టేసే అవకాశమే ఎక్కువ. ఇలా విడివిడిగా అడగండి:

- నా గ్రూప్ నంబరుకి ఫిట్‌నెస్ రీయింబర్స్‌మెంట్ ఉందా? ఏడాదికి ఎంత? మనిషికా, కుటుంబం మొత్తానికా?
- ఎన్నిసార్లు జిమ్‌కి వెళ్లాలన్న షరతు ఉందా? ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లెక్క?
- తగ్గింపు ధరకి ఇచ్చే జిమ్ పాస్ ఏదైనా ఉందా? దాన్ని నడిపే కంపెనీ పేరేంటి?
- నా భార్యకి లేదా భర్తకి, 18 దాటిన పిల్లలకి వర్తిస్తుందా?
- క్లెయిమ్ పంపడానికి ఆఖరి తేదీ ఏది?

జవాబు వచ్చాక కాల్ రెఫరెన్స్ నంబరు అడిగి రాసుకోండి. పెద్దవాళ్ల తరఫున చేస్తున్నట్టయితే వాళ్లని పక్కనే కూర్చోబెట్టుకోండి, వాళ్ల అనుమతి లేకుండా మీతో మాట్లాడరు. వాళ్లే మాట్లాడాలనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు. ఆ సేవకి డబ్బు తీసుకోరు.

3. జిమ్ బ్రాండ్ కాదు, ఆ బ్రాంచి లిస్టులో ఉందో లేదో చూడండి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. చాలా జిమ్ బ్రాండ్లు ఫ్రాంచైజీలు. ఒక్కో బ్రాంచికి ఒక్కో యజమాని. పక్క ఊళ్లో ఉన్న బ్రాంచి పాస్ తీసుకుంటుంది, మీ ఇంటి దగ్గరిది తీసుకోదు. పాస్ వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్ కొట్టి, సరిగ్గా ఆ అడ్రస్ కనపడితేనే ఉన్నట్టు. కనపడిన తర్వాత కూడా జిమ్‌కి ఫోన్ చేసి, "మీ బ్రాంచిలో ఫలానా పాస్‌తో కొత్తవాళ్లని చేర్చుకుంటున్నారా?" అని అడగండి. లిస్టులు పాతబడుతుంటాయి.

పనిలో పనిగా ఆ పాస్‌తో ఏమేం వస్తాయో కనుక్కోండి. కొన్ని చోట్ల మెషీన్లు, బరువులు మాత్రమే. ఈతకొలను, యోగా క్లాసులు, పిల్లల్ని చూసుకునే గది విడిగా డబ్బు కడితేనే. మీరు వెళ్లేదే ఈత కోసమైతే ఈ ఒక్క ప్రశ్నతోనే విషయం తేలిపోతుంది. ఈత కావాలనుకునేవాళ్లు మీ దగ్గరి వైఎమ్‌సీఏ లిస్టులో ఉందేమో మొదట చూడండి, చాలా శాఖలు ఇలాంటి పాస్‌లు తీసుకుంటాయి.

4. లెక్క వేయండి. డిస్కౌంట్ అన్న మాట చూసి మోసపోకండి.

మీ పాస్ నెలకు 30 డాలర్లు అనుకుందాం. ఏడాదికి 360, పైన చేరిక ఫీజు. అదే ప్లానెట్ ఫిట్‌నెస్ లాంటి చవక జిమ్ సంగతి చూడండి. 2024లో కొత్త సభ్యులకి క్లాసిక్ మెంబర్‌షిప్ ధరని 10 నుంచి 15 డాలర్లకి పెంచింది. నెలకు 15 చొప్పున ఏడాదికి 180, దానికి ఏడాదికోసారి పడే ఫీజు ఓ 49 కలిపినా 229. మీకు కావలసింది నడక మెషీనూ నాలుగు డంబెల్సూ అయితే, ఇన్సూరెన్స్ పాస్ కోసం ఇంత తిరగడం కొండని తవ్వి ఎలుకని పట్టడమే.

పాస్ ఎప్పుడు లాభమంటే, మామూలుగా నెలకు 50, 60 డాలర్లు పైన తీసుకునే జిమ్ అందులో ఉన్నప్పుడు, లేదా ఒకే పాస్‌తో రెండు మూడు జిమ్‌లకి వెళ్లనిచ్చినప్పుడు. ఇంటి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటి కావాలనుకునేవాళ్లకి అది బాగా కలిసొస్తుంది. పాస్‌లలో సాధారణంగా ధరని బట్టి మెట్లు ఉంటాయి. పై మెట్టుకి ఎగబాకే ముందు, ఆ జిమ్ నేరుగా ఇచ్చే ధర ఎంతో కూడా కనుక్కోండి.

5. రీయింబర్స్‌మెంట్ అయితే హాజరు లెక్క ముందే చూసుకోండి.

న్యూయార్క్ రాష్ట్రం స్టాండర్డ్ ప్లాన్లలో ఉండే పద్ధతి ఇదీ: ఆరు నెలల్లో 50 సార్లు వెళితే సభ్యుడికి 200 డాలర్ల వరకు, భార్య లేదా భర్తకి 100 డాలర్ల వరకు తిరిగి ఇస్తారు. నెలకు 40 డాలర్ల జిమ్ అనుకోండి, ఆరు నెలలకి 240. అందులో 200 వెనక్కి వస్తే మీకు పడింది 40. అంతకంటే ఏం కావాలి!

కానీ 50 అంటే 50. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి రెండుసార్లు ఒక్కటీ తప్పకుండా వెళితే 52. మధ్యలో రెండు వారాలు ఇండియా వెళ్లొచ్చారా, 48కి పడిపోతారు, చేతికి ఏమీ రాదు. అందుకని ప్రయాణాలున్న ఆరు నెలల్లో మొదటి నుంచే వారానికి మూడు పెట్టుకోండి.

మసాచుసెట్స్ వైపు ఏడాదికి 150 డాలర్ల వరకు ఇచ్చే ప్లాన్లు చాలా కనిపిస్తాయి. అక్కడ ఇబ్బంది హాజరుతో కంటే గడువుతోనే ఎక్కువ. పోయిన ఏడాది రసీదుల్ని ఈ ఏడాది వసంతంలో గుర్తుచేసుకునేసరికి తలుపు మూసేసి ఉంటుంది. డిసెంబరులోనే పంపేయండి.

6. పాత మెంబర్‌షిప్ సంగతి తేల్చుకోండి.

ఇప్పటికే అదే జిమ్‌లో ఉంటే, "నా మెంబర్‌షిప్‌ని ఫలానా ప్రోగ్రామ్‌లోకి మార్చండి" అని మేనేజర్‌ని అడగండి. ఫ్రంట్ డెస్క్‌లో ఉండే కుర్రాళ్లకి తరచుగా ఈ సంగతి తెలీదు. మార్చడం కుదరదంటే రద్దు చేయాలి. కాంట్రాక్ట్‌లో రద్దు నోటీసు ఎన్ని రోజులో చూడండి. 30 రోజులన్నది మామూలే. కొన్ని జిమ్‌లు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపమంటాయి. ఏ రకంగా పంపినా, రద్దయినట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. క్రెడిట్ కార్డు మార్చేస్తే అదే ఆగిపోతుందిలే అనుకోకండి, బాకీ వసూలు ఏజెన్సీకి పంపిన సందర్భాలు ఉన్నాయి.

7. చేరేటప్పుడు వరుస తప్పొద్దు.

ముందు పాస్ వెబ్‌సైట్‌లో నమోదు. అక్కడ మీకొక ఫిట్‌నెస్ ఐడీ నంబరు వస్తుంది. అది ఇన్సూరెన్స్ మెంబర్ నంబరు కాదు, వేరే. ఆ నంబరు పట్టుకుని, ఫొటో ఐడీతో జిమ్‌కి వెళ్లండి. ఇన్సూరెన్స్ కార్డు ఒక్కటే చూపిస్తే జిమ్ వాళ్లు తలగోక్కుంటారు.

మొదటి రోజు ఒకటి రెండు కాగితాల మీద సంతకం పెట్టమంటారు. గాయాలకి జిమ్ బాధ్యత లేదన్న కాగితం మామూలే. "నెలకు ఇంత చొప్పున" అన్న వాక్యమో, క్రెడిట్ కార్డు నంబరు రాసే గడో ఉంటే మాత్రం ఆగండి. ఉచిత మెంబర్‌షిప్‌కి అది ఎందుకని అడగండి. ట్రైనర్‌తో ఉచిత మొదటి సెషన్ అంటూ కూర్చోబెట్టి, వందల డాలర్ల ప్యాకేజీ అంటగట్టడం అక్కడి మామూలు వ్యాపారం. దాన్ని ఇన్సూరెన్స్ ఇవ్వదు.

8. క్లెయిమ్ పంపేటప్పుడు

కావలసినవి మూడు: డబ్బు కట్టిన రుజువు, జిమ్ పేరూ మీ పేరూ ఉన్న కాంట్రాక్ట్ లేదా రసీదు, అడిగితే హాజరు జాబితా. మా స్నేహితుడొకడు భార్య పేరున ఉన్న మెంబర్‌షిప్‌కి తన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ ఒక్కటే పంపాడు, తిరస్కరించారు. కార్డు స్టేట్‌మెంట్ మీద ఎవరు చేరారో ఉండదు కదా. హాజరు జాబితా కొన్ని జిమ్‌ల యాప్‌లోనే దొరుకుతుంది, లేకపోతే మేనేజర్ ప్రింట్ తీసిస్తాడు. మెంబర్‌షిప్ రద్దు చేసుకున్నాక యాప్ తెరుచుకోకపోవచ్చు, కాబట్టి ముందే దాచుకోండి.

ఇంకొకటి. నగదుగా తిరిగొచ్చిన జిమ్ డబ్బు మీద పన్ను పడవచ్చు. ఆఫీసు వాళ్లు ఇచ్చిందైతే జీతంలో కలుస్తుందని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2016లోనే చెప్పింది. పే స్లిప్‌లో కొత్త గీత కనిపిస్తే కంగారు పడకండి.

అమ్మానాన్నల విషయం

దీని మీద ప్రశ్నలు ఎక్కువ, అపోహలు ఇంకా ఎక్కువ.

విజిటర్ ఇన్సూరెన్స్‌తో జిమ్ బెనిఫిట్ ఆశించవద్దు. అది జబ్బూ గాయమూ వస్తే ఆదుకోవడానికి మాత్రమే. గ్రీన్ కార్డు ఉండి 65 దాటినవాళ్లు, ఇక్కడ పని చేసిన చరిత్ర లేకపోయినా, ఐదేళ్లు వరుసగా నివసించాక ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. అయితే పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చులు), పార్ట్ బీ (డాక్టరు ఖర్చులు) అనే ఒరిజినల్ మెడికేర్ జిమ్ డబ్బు ఇవ్వదు. ఇచ్చేవి ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు, కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు (ఒరిజినల్ మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చుల కోసం విడిగా కొనుక్కునేవి). అడ్వాంటేజ్‌లో చేరాలంటే ఏ, బీ రెండూ ఉండాలి.

ప్లాన్ దొరికాక "ఎవిడెన్స్ ఆఫ్ కవరేజ్" అన్న లావుపాటి పుస్తకంలో నాలుగో అధ్యాయం తెరవండి. బెనిఫిట్ల పట్టిక అక్కడే ఉంటుంది, ఫిట్‌నెస్ అన్న వరుస చూడండి. ఏ ప్లాన్ మంచిదో తేల్చుకోలేకపోతే, ప్రతి రాష్ట్రంలో షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది. వాళ్లు ఏదీ అమ్మరు, అదే వాళ్ల గొప్ప.

ఇక్కడ నా మాట ఒకటి గట్టిగా చెప్తాను. జిమ్ కోసం మెడికేర్ ప్లాన్ మార్చకండి. అమ్మ గుండె డాక్టరు కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో లేకపోతే ఉచిత జిమ్ ఏం చేసుకుంటారు? మెడిగ్యాప్ వదిలేసి వెళితే, చాలా రాష్ట్రాల్లో తిరిగి రావాలన్నప్పుడు ఆరోగ్య చరిత్ర అడుగుతారు, కాదనవచ్చు కూడా. ముందు డాక్టర్లు, మందులు, ఆసుపత్రి. ఆ లెక్కలో రెండు ప్లాన్లు సమానంగా తేలితే అప్పుడు జిమ్ చూడండి.

ఏటా ఇండియాలో ఎక్కువ కాలం గడిపేవాళ్లకి మరో చిక్కుంది. అడ్వాంటేజ్ ప్లాన్ సేవా ప్రాంతం దాటి వరుసగా ఆరు నెలలకి మించి ఉంటే, సాధారణంగా ప్లాన్ నుంచే తీసేస్తారు. జిమ్ అప్పుడు ఆఖరి సమస్య.

"మీకు ఉచిత జిమ్ వచ్చింది, మెడికేర్ నంబరు చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయమని పెద్దవాళ్లకి ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. మనం చేసే ఫోనే ఫోను, మనకి వచ్చేది కాదు.

ఏ డిస్కౌంటూ లేదని తేలితే

హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను పడకుండా పక్కన పెట్టుకునే ఖాతాలు) డబ్బుతో జిమ్ కట్టవచ్చా అని అడుగుతారు. మామూలు ఆరోగ్యం కోసమైతే కుదరదు, ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 502లో ఆ మాట స్పష్టంగా ఉంది. డాక్టరు నిర్ధారించిన ఒక జబ్బుకి, ఉదాహరణకి ఊబకాయం, అధిక రక్తపోటు, గుండె జబ్బుకి చికిత్స కోసమే చేరినప్పుడు మాత్రం కుదరవచ్చు. అందుకు డాక్టరు రాసిచ్చే లెటర్ ఆఫ్ మెడికల్ నెసెసిటీ (ఇది వైద్యపరంగా అవసరమన్న ఉత్తరం) ఉండాలి, అదీ జిమ్‌లో చేరకముందే. ఆన్‌లైన్‌లో నాలుగు ప్రశ్నలకి జవాబు చెబితే లెటర్ ఇచ్చేస్తామనే కంపెనీలతో జాగ్రత్త. ఇలాంటి ప్రచారాల గురించి ఐఆర్‌ఎస్ 2024 మార్చిలో హెచ్చరించింది కూడా.

అంతా సరిగ్గా అయిందా? ఇలా చూసుకోండి

చేరిన నెల తర్వాత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తెరవండి. పాస్ అయితే పాస్ కంపెనీ పేరున ఒక్క గీతే ఉండాలి. జిమ్ పేరున విడిగా మరొకటి పడుతుంటే పాత మెంబర్‌షిప్ ఇంకా బతికే ఉందన్నమాట. ఉచిత మెంబర్‌షిప్ అయితే అసలు ఏ గీతా ఉండకూడదు. ఏడాదికోసారి పడే "యాన్యువల్ ఫీ" మాత్రం మొదటి నెలలో కనపడదు, ఏ నెలలో పడుతుందో కాంట్రాక్ట్ చూసి క్యాలెండర్‌లో రాసుకోండి.

హాజరు షరతు ఉంటే రెండో నెలలోనే ఒకసారి జాబితా తీయించి, మీ లెక్కతో సరిచూడండి. గుంపులో వెళ్లినప్పుడు తలుపు తెరిచే ఉందని కార్డు గీకకుండా లోపలికి పోతుంటాం. అలాంటివి లెక్కలోకి రావు.

క్లెయిమ్ పంపిన నెల రోజులకీ కదలిక లేకపోతే ఫోన్ చేయండి, నోటుబుక్కులోని రెఫరెన్స్ నంబరు చెప్పండి. "మీ ప్లాన్‌కి ఆ బెనిఫిట్ లేదు" అన్న జవాబు వస్తే, ఫలానా తేదీన ఉందని చెప్పారని నంబరుతో సహా రాసి అప్పీల్ పెట్టవచ్చు.

ఉద్యోగం మారినా పోయినా, ప్లాన్ ముగిసే లోపు పెండింగ్ రసీదులన్నీ పంపేయండి. డిస్కౌంట్ పాస్ డబ్బు మీ కార్డు నుంచే పోతుంది కాబట్టి, ఇన్సూరెన్స్ ఆగితే అదీ ఆగుతుందని నమ్మకండి. లాగిన్ అయి మీరే రద్దు చేయండి.

మెడికేర్ వాళ్లకి సెప్టెంబరు ఆఖరులోపు ప్లాన్ నుంచి "యాన్యువల్ నోటీస్ ఆఫ్ చేంజ్" అన్న ఉత్తరం వస్తుంది. మార్పులు చేసుకునే గడువు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు. ఫిట్‌నెస్ ప్రోగ్రామ్ పేరు మారడం, కొన్నిసార్లు పూర్తిగా తీసేయడం ఆ ఉత్తరంలోనే ఉంటుంది. జనవరి 2న జిమ్ ఫ్రంట్ డెస్క్ దగ్గర నాన్నగారి కార్డు పనిచేయడం లేదంటూ నాకు ఫోన్ చేసేవాళ్లని అడుగుతాను, ఆ ఉత్తరం ఏమైందని. విప్పని కవరు టీవీ పక్కనే ఉంటుంది.